కంట జూచిన లెక్క

హైదరాబాదు నగరమున అమీరుపేటకును పంజగుట్టకును చేరువగా సోమాజిగూడ యను పేట కలదు. ఆ పేరు సోనాజీ యను నొక యుద్యోగిని బట్టి వచ్చినదని నగరచరిత్రకారులు చెప్పుదురు. ఆయన నైజాము ప్రభుత్వపు రెవెన్యూ శాఖలో కొలువు చేసినవాడట. ఆయన పెద్దయిల్లున్న చోటు సోనాజీగూడ యయి, జనుల నోట నకారము మకారముగా మారి సోమాజిగూడ యైనది. శిస్తులెక్కల యుద్యోగి పేర వెలసిన యీ పేటలో నేడు గవర్నరు నివసించు రాజభవనముతో పాటు, అంతస్తుల మేడలలో లెక్కలు తనిఖీ చేయు చార్టర్డు అకౌంటెంట్ల కార్యాలయములు పెక్కు కలవు. ప్రతి యుదయమున ఇరువదియేండ్ల యీడు యువతీయువకులు మెట్రో రైలు దిగి, భుజమున సంచితో ఆ మేడల మెట్లెక్కుచుందురు. ఉద్యోగులనుకొందమన్న వారికి జీతము లేదు, భృతి మాత్రమే కలదు. విద్యార్థులనుకొందమన్న వారు పోవునది పాఠశాలకు గాదు. వీరిని పూర్వము ఆర్టికిల్డు క్లార్కులనిరి. నేడు ఆర్టికిల్డు అసిస్టెంట్లనుచున్నారు.

మేమీ వ్యాసమున విచారింపదలచినది వీరి విద్యను గూర్చి. మన గృహములలో దీనికి తగిన మన్నన కలుగుట లేదు. పరీక్షలో నెన్ని మార్కులు వచ్చెనని యడుగు తలిదండ్రులు, ఆఫీసులో నేమి నేర్చితివని యడుగుట యరుదు. రెండు పరీక్షల నడుమ ఎట్లో గడపవలసిన కాలముగా కొందఱును, చదువున కడ్డుగా మఱికొందఱును దీనిని తలచుచున్నారు. ఈ పనినేర్పు పద్ధతి యెట్లు పుట్టినది, ఎవరికి తలుపు తెఱచినది, ఎవరికి మూసినది, ఇది చెడినప్పుడు మన నగరమున కెట్టి నష్టము కలిగినది, అని చూచినచో ఆ తలంపు మారునని మా నమ్మకము.

లెక్కలు వ్రాయు విద్య మనకు క్రొత్తది కాదు. ఆంధ్రజిల్లాలలో కరణము, తెలంగాణమున పట్వారీ, ఊరి భూముల లెక్కలు వ్రాయుచుండిరి. వారి కుమారులు తండ్రి ప్రక్కన చాపపై గూర్చుండి అడంగలో పహాణీయో చూచి వ్రాయుచు, పదునెనిమిదేండ్లు నిండకమునుపే ఊరి సర్వే నెంబర్లను కంఠస్థము చేసెడివారు. షావుకారు కొట్టులో చేరిన కుఱ్ఱవాడు మొదట చిట్టా, పిదప ఆవర్జా వ్రాయ నేర్చి గుమాస్తా యగుచుండెను. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, పట్వారీ పదవులను రద్దుచేయు వఱకు ఆ గ్రామవిద్య సాగినది. ఆ చదువున కొక కొదువ యుండెను. అది తన లెక్క తాను వ్రాయుట నేర్పినదే కాని, ఒకరు వ్రాసిన లెక్కను వేఱొకరు, ఎవరికిని జంకక, సరిచూచుట నేర్పలేదు. గ్రామలెక్కలను జమాబందీలో పై యధికారి చూచెను. వర్తకుని లెక్కలను వర్తకుడే చూచుకొనెను. సొమ్ము పెట్టినవా డొకచోటను, దానిని వాడుకొనువాడు మఱియొకచోటను ఉన్నప్పుడు, ఇరువురికిని గాని మూడవవాడు వచ్చి చూడవలెనను తలంపు మనలో వేళ్లూనలేదు.

అట్టి మూడవవాడు లేకపోవుటచే హైదరాబాదు రాజ్య మెంత చెడెనో పామర్ కంపెనీ చరిత్ర చెప్పును. విలియం పామర్ యనునతడు 1814లో హైదరాబాదున నొక వర్తకసంస్థను నెలకొల్పెను. రాజ్యవ్యవహారములు నడపుచుండిన చందూలాలు, సేనల జీతములకును ఇతర వ్యయములకును ఆ సంస్థయొద్ద ఏటికి నూటికి 24, 25 రూపాయల వడ్డీకి అప్పులు తెచ్చెను. సంస్థ భాగస్థులలో నొకడైన రంబోల్డు, గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు పెంచిన బాలికను వివాహమాడినవాడు. కాబట్టి అడుగువారు లేకపోయిరి. 1820లో 60 లక్షల రూపాయల క్రొత్త యప్పు వ్రాయబడెను. ఆ యేడే రెసిడెంటుగా వచ్చిన చార్లెసు మెట్కాఫు కాగితములు తెప్పించి చూడగా, ఆ 60 లక్షలలో 8 లక్షలు భాగస్థుల బహుమానముగా జేరినవే యని తేలెను. ఋణము తీర్చుటకై 1823లో ఒక యేర్పాటు జరిగెను. ఉత్తర సర్కారులకుగాను ఇంగ్లీషు కంపెనీ నైజామునకు ఏటేట చెల్లించు 7 లక్షల పేష్కషు శాశ్వతముగా రద్దయి, దానికి బదులుగా 1,16,66,666 రూపాయలు ముట్టినవి. పామర్ కంపెనీ బాకీ యందుండి తీర్పబడెను. గంజామునుండి గుంటూరు వఱకు గల తెలుగుసీమపై నైజామునకు మిగిలిన రాబడి యీ విధముగా నొక యప్పుపత్రమున గలిసిపోయెను. అక్కడ లెక్కలు వ్రాయువారు లేకపోలేదు. వాటిని విప్పి చూచువాడు ఆఱేండ్లు ఆలస్యముగా వచ్చెను.

అట్టి చూచువారిని తయారుచేయు పద్ధతి మనకు బ్రిటనునుండి వచ్చినది. ఎడింబరో నగరపు అకౌంటెంట్ల సంఘమునకు 1854లోను, ఇంగ్లండు, వేల్సు సంఘమునకు 1880లోను రాజపట్టములు లభించినవి. పట్టమునకు చార్టరని పేరు గనుక చార్టర్డు అకౌంటెంట్లను పేరు స్థిరపడెను. ఈ వృత్తిలో చేరగోరు యువకుడు ఒక అకౌంటెంటుతో ఒడంబడిక వ్రాసికొని, కొన్నేండ్లు ఆయనయొద్ద పని నేర్వవలెను. ఆ యొడంబడిక షరతులకు ఆర్టికిల్సని పేరు. దానినుండియే ఆర్టికిల్డు క్లార్కు పుట్టెను. పుస్తకములు చదివి పరీక్ష నెగ్గినంత మాత్రమున లెక్క చూచువాడు కాజాలడనియు, పెద్దవాని ప్రక్కన నిలిచి యితరుల పుస్తకములను విప్పిచూచిననే యాచూపు వచ్చుననియు వారి నమ్మకము. ఆడిటరు బాధ్యత యెంతవఱకని 1896లో కింగ్‌స్టను నూలుమిల్లు వ్యాజ్యమున చర్చ జరుగగా, ఆడిటరు కావలికుక్క వంటివాడే కాని వేటకుక్క వంటివాడు కాడని న్యాయమూర్తి తీర్పు చెప్పెను. నేటికిని ఈ మాట నేర్వని ఆడిటు విద్యార్థి లేడు. కాని కావలికుక్కయైనను మెలకువతో నుండవలెను గదా!

భారతదేశమున 1913 నాటి కంపెనీల చట్టము, ప్రభుత్వ ధ్రువపత్రము లేనివాడు కంపెనీలకు ఆడిటరు కారాదని విధించెను. 1918లో బొంబాయి ప్రభుత్వము అకౌంటెన్సీ డిప్లొమా నేర్పఱచి, పరీక్షతో పాటు అంగీకృత అకౌంటెంటు నొద్ద మూడేండ్ల ఆర్టికిల్సు ఉండవలెనని నియమించెను. 1932 నాటి నియమావళితో ఈ యధికారము కేంద్రప్రభుత్వము చేతికి వచ్చి, రిజిస్టర్డు అకౌంటెంట్లను వారు వెలసిరి. ఆ 1932లోనే పి. బ్రహ్మయ్యగారి పేర వెలసిన ఆడిటు సంస్థ తెలుగువారిలో ఎన్నదగినది. స్వాతంత్ర్యానంతరము 1949 నాటి చార్టర్డు అకౌంటెంట్ల చట్టము ప్రకారము, ఆ యేడు జూలై 1వ తేదీన జాతీయ సంస్థ యేర్పడెను. నాటి సభ్యులు 1700 మంది ప్రాంతము. జి. పి. కపాడియా తొలి యధ్యక్షుడు.

హైదరాబాదు సంస్థానమునకు వేఱుగా కంపెనీల చట్టముండెను. అది 1320 ఫసలీ నాటిది. దాని క్రిందనే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదయ్యెను. 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీయు, 1941లో హైదరాబాదు స్టేటు బ్యాంకును వెలసినవి. పరిశ్రమలు పెరిగినకొలది లెక్క చూచువారి యవసరము పెరిగెను. 1948లో సంస్థానము భారత యూనియనులో జేరినపిదప ఇక్కడి కంపెనీలును దేశమంతటి చట్టముల క్రిందికి వచ్చినవి. 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశమునకు రాజధాని కాగా బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు, సహకార సంఘములు వృద్ధిచెంది, వాటి వెంట ఆడిటు కార్యాలయములును నగరమున వ్యాపించినవి.

ఈ విద్య తలుపు మొదట అందఱికిని తెఱచి యుండలేదు. ఇంగ్లండు మర్యాద ననుసరించి, పని నేర్చుకొనువాడే గురువునకు ప్రీమియమను పేర ధనము చెల్లించుట మన దేశమునను ఆచారమయ్యెను. జీతమా లేదు, తిండి, బట్ట, పట్నవాసపు ఖర్చు తండ్రివే. అట్టిచో ఈ వృత్తి కలవారి బిడ్డలకును, ఆడిటర్ల బంధువులకును మాత్రమే దక్కుట వింతయా? గ్రామమున లెక్కల పదవి తండ్రినుండి కొడుకునకు పోయినట్లే, పట్నమున ఈ వృత్తి కాసుల సంచినుండి కాసుల సంచికి పోవుచుండెను. క్రమముగా సంస్కరణము వచ్చెను. 1988 నాటి నియమావళిలో 47వ నియమము ప్రీమియమును నిషేధించెను. 48వ నియమము విద్యార్థికి భృతి నీయవలెనని విధించెను. 2023 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త పద్ధతిలో కనీస భృతి రెట్టింపయి, 20 లక్షలకు మించిన జనసంఖ్య గల నగరములలో తొలియేట నెలకు 2000 రూపాయలనుండి 4000 రూపాయలైనది. హైదరాబాదులో ఒక గదిలో పాలు పంచుకొని యుండుటకైనను ఈ సొమ్ము చాలదు. అయినను, చెల్లించి నేర్చుకొను దశనుండి కొంత పుచ్చుకొని నేర్చుకొను దశకు వచ్చుట చిన్న మార్పు కాదు. కూలివాని కూతురు మొదలుగా బీదయింటి బిడ్డ లిప్పుడా మెట్లెక్కుచున్నారన్న అందుకు ఈ నియమములు చేసిన మేలు గలదు.

స్త్రీలకు తలుపు మఱింత గట్టిగా మూసియుండెను. ఇంగ్లండులో మేరీ హారిస్ స్మిత్ దశాబ్దములు పోరాడి, 1919 నాటి చట్టము స్త్రీల యనర్హతలను తొలగించిన పిదప, 1920లో చార్టర్డు అకౌంటెంటు కాగలిగెను. మన దక్షిణదేశమున ఈ గౌరవము ఆర్. శివభోగముగారిది. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో జేరియున్న కాలమున, మద్రాసులో చదువుకొన్న ఆ వనిత స్వదేశీ యుద్యమమున పాల్గొని కారాగారవాస మనుభవించెను. అనంతరము సి. ఎస్. శాస్త్రిగారి యొద్ద ఆర్టికిల్సు చేసి 1933లో అకౌంటెన్సీ డిప్లొమా పొందెను. చెఱసాలకు పోయినవారు అకౌంటెంట్లుగా నమోదు కారాదని ప్రభుత్వ నిబంధన యడ్డగింపగా, న్యాయస్థానమున వ్యాజ్యము వేసి గెలిచి, 1937లో స్వంతముగా వృత్తి నారంభించెను. 1950వ దశాబ్దమున ఆమె దక్షిణభారత ప్రాంతీయ మండలికి అధ్యక్షురాలయ్యెను. నేడు దేశమున 4 లక్షల పైచిలుకు సభ్యులలో నూటికి 30 మంది ప్రాంతము స్త్రీలు. ఐనను మన యిండ్లలో నింకను నొక మాట వినబడుచున్నది: “అమ్మాయి ఆఫీసులో కూర్చుని చేయు పని యైన సరే, పొరుగూళ్ల ఆడిటులకు పంపము.” ఇది ప్రేమచే పలుకు మాటయే. కాని దాని ఫలితమేమి? ఈ విద్యలో ముఖ్యభాగము పొరుగూరిలోనే యున్నది.

అదెట్లో చెప్పెదము. ఆర్టికిల్సులో జేరినవానికి మొదట నిచ్చు పని వోచర్ల తనిఖీ. ఖర్చునకు రసీదున్నదా, తేదీ సరిపోయినదా, అనుమతించినవారి చేవ్రాలున్నదా యని యొక్కొక్కటి చూచి గుర్తు పెట్టుట. విసుగు పుట్టించు పని; అందుచేతనే పిల్లలు దీనిని గుమాస్తాపని యని తేలికగా జూతురు. పిదప సరకు లెక్కించుట. సంవత్సరాంతమున, మార్చి 31 ప్రాంతమున, ఒక బియ్యపు మిల్లునకు పోయినాడనుకొందము. ఎండ మండుచుండును. మిల్లు గుమాస్తా కుర్చీ వేసి, చల్లని మజ్జిగ తెప్పించి, “బాబూ, గిడ్డంగిలో దుమ్ము, ధూళి. మీరెందుకు శ్రమపడుదురు? స్టాకు రిజిస్టరు ఇదిగో, చూచుకొనుడు” అనును. అప్పుడా కుఱ్ఱవాడు లేచి గిడ్డంగిలోనికి పోవలెను. బస్తాల వరుసలు, ఎత్తు, లోతు లెక్కింపవలెను. వెనుకనున్న వరుస నిజముగా బస్తాలేనా, లోపల ఖాళీయా యని చూడవలెను. ప్రభుత్వ సేకరణలో పచ్చిబియ్యమునకు క్వింటాలు వడ్లకు 67 కిలోల చొప్పున లెక్క గట్టుదురు. ఆడిన వడ్లెన్ని, వచ్చిన బియ్యమెంత, నూకలు, తవుడు, ఊక యెక్కడ బోయినవి, ఆ నెలలలో విద్యుత్తు బిల్లు మిల్లు నడిచినట్లే చెప్పుచున్నదా యని కలిపి చూచినచో, రిజిస్టరు చెప్పనిది హమాలీ మాటలోను మీటరు అంకెలోను తెలియును. ఇది యే పుస్తకమునుండి వచ్చును? మర్యాద తప్పక, మజ్జిగ త్రాగియే, తాను చూడదలచినది చూచి వచ్చుట యొక విద్య. అది ఇరువదియేండ్ల యీడున, పెద్దవారి నెదుట నిలిచి నేర్వవలసినది.

మూడవ పాఠము బ్యాంకు నిల్వ. కంపెనీ తనకు ఫలానా బ్యాంకులో నింత సొమ్మున్నదని కాగితము చూపును. ఆ కాగితమును నమ్మి ఊరకుండరాదు. ఆడిటరే బ్యాంకునకు ఉత్తరము పంపి, జవాబును బ్యాంకునుండి నేరుగా తన చేతికి తెప్పించుకొనవలెను. ఆ యుత్తరము కంపెనీవారి చేతిమీదుగా పోరాదు, రారాదు. తొలియేటి విద్యార్థి కిది నేర్పుదురు. ఇంత సులభమైన పాఠమును మఱచుటచే నేమి జరిగెనో హైదరాబాదు లోకమునకు చాటినది.

1987లో స్థాపింపబడిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ తెలుగువారి గర్వకారణముగా నుండెను. దాని యధ్యక్షుడు రామలింగరాజు 2009 జనవరి 7వ తేదీన వ్రాసిన లేఖలో, పుస్తకములలో జూపిన 5361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5040 కోట్లు లేనివే యని యొప్పుకొనెను. నమ్మి వాటాలు కొన్న మధ్యతరగతి కుటుంబముల కష్టార్జితము ఆ యొక్క దినముననే మాయమయ్యెను. ఇంచుమించు 50 వేల యుద్యోగుల గుండెలు జల్లుమన్నవి. ఆ లెక్కలు పేరుపొందిన అంతర్జాతీయ ఆడిటు సంస్థ చూచినవే! 2011 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీల సంఘము ఇచ్చిన యుత్తరువులో, బ్యాంకు ధ్రువీకరణముల పనిని ఆడిటర్లు తమ యధీనమున నుంచుకొనక కంపెనీ యాజమాన్యమునకే వదలిరని తప్పుపట్టెను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము దోషులుగా నిర్ణయించిన పదిమందిలో ఇరువురు ఆడిటర్లును కలరు. పామర్ కంపెనీ నాడు చూచువాడు లేడు. సత్యం నాడు చూచువారు నియమితులై, ఫీజు పుచ్చుకొని, చేవ్రాలు చేసియు చూడలేదు. దరిమిలా 2013 నాటి కంపెనీల చట్టము, పెద్ద కంపెనీలలో ఆడిటర్లను కొన్నేండ్లకొకసారి మార్చవలెనని విధించెను. 2018లో ఆడిటర్లను విచారించుటకు జాతీయస్థాయిలో వేఱొక యధికారసంస్థ యేర్పడెను. ఇవి మంచివే. కాని ఏ చట్టమును తానుగా గిడ్డంగిలోనికి పోయి బస్తాలు లెక్కింపదు. ఆ పని చివఱకు ఆ గదిలో నందఱికంటె చిన్నవాడైన ఆర్టికిల్డు అసిస్టెంటుపై బడును.

అందుచేతనే ఇప్పుడు పెరుగుచున్న యొక దురాచారమును గూర్చి చెప్పక తప్పదు. విద్యార్థులు దీనిని ‘డమ్మీ ఆర్టికిల్సు’ అందురు. పేరు ఒక కార్యాలయమున నుండును. మనిషి బోధనాలయమున నుండును. చదువుకొనుటకు తీరిక దొరకునని విద్యార్థియు, హాజరుపట్టీ నిండునని కార్యాలయమును తృప్తిపడుదురు. నియమముల ప్రకార మిది శిక్షార్హము. లెక్కలు సత్యమా కాదా యని చెప్పబోవువాని తొలిపత్రమే అసత్యమైనచో, వాని చేవ్రాలు ఎవరికి నమ్మదగినది? 2023 నాటి పద్ధతిలో ఈ శిక్షణకాలము మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గినది. పిల్లలు త్వరగా స్థిరపడుదురనుట నిజమే. కాని కాలము తగ్గినకొలది ప్రతి దినము విలువ పెరుగును. రెండేండ్లలో నొకయేడు దొంగిలించిన మిగులునది సగమే.

తప్పంతయు పిల్లలదే యని మేమనజాలము. సంవత్సరమంతయు ఒకే విధమగు పన్ను పత్రములు నింపించి పంపు గురువులు కలరు. గిడ్డంగిలో తేడా చూచి వచ్చి చెప్పిన కుఱ్ఱవానిని, “పాత కక్షిదారు, నీకేల?” అని కసరువారు కలరు. అట్లు ఒకమారు నోరుమూయబడినవాడు, రేపు తానే పెద్ద ఆడిటరై నోరు తెఱచునా? పని నేర్పుదునని యొడంబడిక వ్రాసినవానికిని అందు బాధ్యత కలదు.

గృహస్థులు చేయగలిగిన పని చిన్నది, కాని ఫలవంతమైనది. డమ్మీ ఆర్టికిల్సునకు తలిదండ్రులు సమ్మతింపకుందురు గాక. భృతి చాలని యీ రెండేండ్లు, ఇంటివారు బిడ్డ చదువునకు చేయు ఖర్చులో దీనిని గూడ చేర్చుకొందురు గాక. కూతురు పొరుగూరి ఆడిటునకు పోవలసివచ్చినపుడు, బస యెట్టిది, తోడెవ్వరు, కార్యాలయమువా రేమి యేర్పాటు చేసిరి యని విచారించి, సదుపాయముండునట్లు అడిగి, పంపుదురు గాక. పోవలదనుట తేలిక, కాని పోనిచో శివభోగముగారు గెలిచి తెఱచిన తలుపును మనమే తిరిగి మూసినట్లగును. సాయంకాలము బిడ్డ యింటికి రాగానే, నేడెన్ని పుటలు చదివితివని యడుగు నలవాటునకు తోడుగా, నేడేమి చూచి వచ్చితివని గూడ అడుగుదురు గాక. “మిల్లులో వెనుకవరుస బస్తాలు లెక్కించితిని, నాలుగు తక్కువైనవి, వ్రాసి మా సారుగారికి ఇచ్చితిని” అని బిడ్డ చెప్పిన దినమున, ఆ యింట ఆ చదువు సాగుచున్నదని తెలిసికొనవచ్చును.